ద్రాక్షతోట కూలీల ఉపమానం, మూడు భాషల సంఘం: వాక్యపరిచర్యలో ఒక కేస్ స్టడీ

ఇది పాస్టర్ గారి అనుమతితో, సంఘ పెద్దల అనుమతితో, ఆ సంఘానికి తోడుగా పనిచేసిన మేం రాస్తున్న కేసు. సంఘం పేరు, డినామినేషన్ (క్రైస్తవ శాఖ), మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాం. కొన్ని సందర్భాలను, అంకెలను మార్చాం. మన నగరాల్లో ఇలాంటి సంఘాలు పెరుగుతున్నాయి కాబట్టి దీన్ని వివరంగా రాయడం అవసరం అనిపించింది. పలు భాషలవాళ్ళు కూడే సంఘం అనగానే అందరూ ముందు తర్జుమా గురించే అడుగుతారు. ఈ కేసులో మాత్రం తర్జుమా బాగుపడుతున్నకొద్దీ అసలు ఇబ్బంది వేరే చోట ఉందని తెలిసివచ్చింది.

నేపథ్యం

హైదరాబాద్ పడమటి శివారులోని ప్రొటెస్టెంట్ సంఘం ఇది. ఆదివారం ఆరాధనకు సుమారు 300 మంది వస్తారు. మొదటి తరం సభ్యుల్లో కొందరు గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఉద్యోగాలకు వచ్చిన లూథరన్, బాప్టిస్టు కుటుంబాలవాళ్ళు. మిగతావాళ్ళు మెదక్ వైపు నుంచి వచ్చిన సి.ఎస్.ఐ. (దక్షిణ భారత సంఘం) కుటుంబాలవాళ్ళు. చుట్టుపక్కల టవర్లు లేవడం మొదలయ్యాక ఒడిశా నుంచి నిర్మాణ కూలీలు రాసాగారు. ఎక్కువమంది కంధమాల్, గజపతి జిల్లాలవాళ్ళు, సైటు పక్కన రేకుల షెడ్లలో ఉంటారు. హోటళ్ళలో, మాల్స్‌లో, సెలూన్లలో పనిచేసే మిజో, నాగా, కుకీ యువతీయువకులు ఓ నలభై మంది ఉంటారు. మలయాళీ నర్సుల కుటుంబాలు కొన్ని, తమిళ కుటుంబాలు కొన్ని ఉన్నాయి.

పాస్టర్ గారు వేదాంత కళాశాలలో బి.డి. చదివారు. గొంతున్న ప్రసంగికుడు. వాక్యం, అంటే ప్రసంగం, 45 నిమిషాలకు తగ్గదు. ప్రాసతో మూడు పాయింట్లు, మధ్యలో సామెతలు, ఒకటి రెండు సినిమా డైలాగులు, చివర కీర్తన పల్లవి: తెలుగు సంఘం ఎంతో ఇష్టపడి వినే పద్ధతి ఇది. ఆ బలాన్ని పోగొట్టడం మా ఉద్దేశం కాదని ముందే మాట ఇచ్చాం.

వచ్చిన సమస్య

ఒడియా సభ్యులు పాటలకు వస్తారు, ప్రభు భోజనానికి ఉంటారు. ప్రసంగం మొదలవగానే మగవాళ్ళు ఒక్కొక్కరుగా లేచి గేటు దగ్గర నిలబడతారు. ఈశాన్య రాష్ట్రాల యువత సగం మంది ఇంగ్లీషు ఆరాధన ఉన్న మరో సంఘానికి మారిపోయారు. "వాళ్ళకు తెలుగు రాదు కదండీ, తర్జుమా పెడితే సరిపోద్ది" అన్నది పెద్దల మాట.

మత్తయి 20వ అధ్యాయం మీద చేసిన ప్రసంగంతో విషయం బయటపడింది. ద్రాక్షతోట యజమాని తెల్లవారుజామున కొందరిని, తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి మరికొందరిని, సాయంత్రం ఐదింటికి చివరివాళ్ళను పనికి పిలిచి, అందరికీ ఒకే దేనారం (రోమా వెండి నాణెం) ఇచ్చిన ఉపమానం అది. ఐదింటి దాకా ఊరకే నిలబడ్డవాళ్ళు ఆత్మీయ సోమరులనీ, అలాంటి వాళ్ళనూ దేవుడు పిలిచాడనీ, అదే కృప అనీ పాస్టర్ గారు చెప్పారు. మన పుల్పిట్ల (ప్రసంగ పీఠాల) మీద తరచూ వినే వివరణే. తెలుగు కొంత వచ్చిన ఒక ఒడియా యువకుడు ఆ మాటను షెడ్లలో చెప్పాడు. రోజూ ఉదయం లేబర్ అడ్డా మీద నిలబడే మనుషులు వాళ్ళు. పని దొరక్క మధ్యాహ్నం దాకా నిలబడ్డ రోజులు ప్రతి ఒక్కరికీ ఉన్నాయి. తరవాతి ఆదివారాల్లో వాళ్ళ వరుసలు ఖాళీ.

గమనించాల్సింది ఏమిటంటే, వాళ్ళు అర్థం కాక మానేయలేదు. అర్థమయ్యాకే మానేశారు.

అసలు ఎవరికి ఏం చేరుతోంది?

ఏ పరిష్కారమైనా మొదలుపెట్టే ముందు కొలత కావాలి. "వాక్యం అర్థమైందా?" అని అడిగితే ఎవరైనా "అయింది అయ్యగారూ" అనే అంటారు. అది మర్యాద. అందుకని తిరిగి చెప్పించే పద్ధతి పెట్టాం. ఆరాధన ముగిసిన 2 గంటల్లోపు, ఒక్కో వర్గం నుంచి ముగ్గురిని, వాళ్ళ భాషవాళ్ళే, పాస్టర్ గారు లేనప్పుడు మూడు ప్రశ్నలు అడుగుతారు. ఈరోజు ఏం చెప్పారు? ఎవరి గురించి చెప్పారు? ఈ వారం నువ్వు ఏం చేయాలన్నారు? జవాబులు వాళ్ళన్న మాటల్లోనే రాసుకోవాలి. సరిదిద్దకూడదు.

రెండో ప్రశ్న చాలా పని చేస్తుంది. ఒడియా సభ్యులు "ఇల్లున్నవాళ్ళ గురించి" అన్నారు. మిజో అమ్మాయిలు "పెళ్ళయినవాళ్ళ గురించి" అన్నారు. నిజమే, అన్వయమంతా, అంటే వాక్యాన్ని మన జీవితానికి కలిపి చెప్పే భాగమంతా, మీ భర్త, మీ పిల్లలు, మీ ఇల్లు అంటూ సాగింది. గదికి ఆరుగురు చొప్పున ఉంటూ షిఫ్టుల్లో పనిచేసే పిల్లలకు అందులో చోటు లేదు.

తెలుగువాళ్ళ జవాబులు ఇంకా ఆలోచింపజేశాయి. సామెత గుర్తుంది, డైలాగు గుర్తుంది, మూడు పాయింట్లలో రెండు గుర్తున్నాయి. మూడో ప్రశ్నకు దాదాపు అందరూ "ప్రార్థన చేయాలన్నారు" అని ఊరుకున్నారు. ఆ వారం ప్రసంగంలో ప్రార్థన ఊసే లేదు. భాష వచ్చినవాళ్ళకు కూడా వాక్యం పూర్తిగా చేరడం లేదని తేలాక, తర్జుమా ఒక్కటే మందు అనే ఆలోచన మీద మాకు అనుమానం కలిగింది. అయినా పెద్దల కోరిక మేరకు ముందు దాన్నే ప్రయత్నించారు.

ప్రయత్నించి వదిలేసినవి

మొదటిది, వేదిక మీద వాక్యానికి వాక్యం ఇంగ్లీషు తర్జుమా. 45 నిమిషాల ప్రసంగం గంటా ఇరవై నిమిషాలు పట్టింది. ఒడియా సభ్యులకు ఇంగ్లీషు రాదు కాబట్టి వాళ్ళకు ఒరిగిందేమీ లేదు. ఈశాన్య యువతకు అందింది కానీ తప్పుతడకగా అందింది. కారణం తర్జుమా చేసిన అన్న కాదు, తెలుగు వాక్యం నడిచే తీరు. "దేవుడు మనల్ని మరిచిపోయాడని, మన మొర వినడని, శత్రువే గెలిచాడని ఎన్నడూ అనుకోవద్దు" అన్నారు పాస్టర్ గారు, ప్రతి 'అని' దగ్గరా ఊపిరి తీసుకుంటూ. ఊపిరి తీసుకున్న చోటల్లా తర్జుమా చేసే అన్న అందుకున్నాడు. ఇంగ్లీషులో మూడుసార్లు దేవుడు మనల్ని మరిచిపోయాడు, వినడు, శత్రువే గెలిచాడు అని ప్రకటన జరిగిపోయాక చివర్లో 'వద్దు' వచ్చింది. తెలుగులో కాదనే మాట చివరికి వస్తుంది. తర్జుమా ఉన్న రోజు దాన్ని ముందుకు తేవాలి: "ఒక మాట ఎన్నడూ అనుకోవద్దు. దేవుడు మరిచిపోయాడని అనుకోవద్దు. ఆయన మరిచిపోలేదు."

రెండోది హిందీ. సైట్ల మీద పనిచేసే మగవాళ్ళకు హిందీ వచ్చు కాబట్టి కొంత పని చేసింది. షెడ్ల దగ్గర ఉండే ఆడవాళ్ళకు రాదు. మిజో పిల్లల్లో చాలామందికి అంతంత మాత్రం.

మూడోది, మధ్యాహ్నం విడిగా ఒడియా ఆరాధన. ఇది బాగా నడిచింది, అందుకే వదిలేయడం కష్టమైంది. ఆదివారం సగం రోజు పని ఉన్నవాళ్ళకు ఆ వేళ అనుకూలం. సొంత భాషలో పాటలు, సాక్ష్యాలు. కానీ బాప్తిస్మం, ప్రభు భోజనం, పెద్దల ఎన్నిక, కష్టంలో ఉన్నవాళ్ళకు సహాయ నిధి అన్నీ ఉదయం ఆరాధన చుట్టూనే ఉన్నాయి. కొన్ని నెలలకు ఒడియా సభ్యుల పేర్లు సహాయ నిధి జాబితాలో కనిపించడం మానేశాయి. ఎవరూ కావాలని చేయలేదు, కళ్ళ ముందు లేరు కాబట్టి గుర్తుకు రాలేదు. అపొస్తలుల కార్యములు 6లో గ్రీకు మాట్లాడే విధవరాండ్రు అనుదిన పరిచర్యలో ఇలాగే మరుగున పడ్డారు. అక్కడ అపొస్తలులు సంఘాన్ని రెండుగా చీల్చలేదు, ఏడుగురిని నియమించారు. ఈ సంఘమూ ఆ వాదనతోనే ఉదయం ఆరాధనను ఒకటిగా ఉంచాలని తీర్మానించింది. మధ్యాహ్నపు కూడికను ప్రార్థన కూడికగా కొనసాగించింది.

నాలుగోది అందరినీ మెప్పించే ప్రయత్నం. ప్రతి ప్రసంగంలో కంధమాల్ పసుపు ఒక మాట, నాగా వంటకం ఒక మాట, కేరళ పడవ ఒక మాట. రెండు వారాలు అందరూ నవ్వారు. మూడో వారం ఒక నాగా యువకుడు "మేం రోజూ తినేది అన్నమే సర్" అన్నాడు. ఊరి పేరు, వంట పేరు ఎత్తితే ఆ మనిషి జీవితం ప్రసంగంలోకి వచ్చినట్టు కాదు. పైగా ఆ ఉదాహరణలన్నీ పాస్టర్ గారు ఫోన్లో వెతికి పట్టుకున్నవి. ఆ మనుషులను అడిగి తెలుసుకున్నవి కావు.

ఇక్కడే ఒక గట్టి హెచ్చరిక. పాస్టర్ గారు ఒకసారి శ్రమల గురించి చెబుతూ "మనకేం శ్రమలు? హాయిగా ఫ్యాను కింద కూర్చుని ఆరాధిస్తున్నాం" అన్నారు. వెనక వరుసల్లో 2008లో క్రైస్తవుల మీద దాడులు జరిగిన కంధమాల్ అల్లర్లప్పుడు ఇళ్ళు కాలిపోయి, అడవుల్లో తలదాచుకుని, సహాయ శిబిరాల్లో గడిపి వచ్చినవాళ్ళున్నారు. ఈ సంగతి తెలిసిన వెంటనే కొందరు పెద్దలు వాళ్ళతో సాక్ష్యం చెప్పిద్దామన్నారు. వద్దన్నాం. గాయాన్ని సంఘం ముందు చూపించమని అడగకూడదు. వాళ్ళంతట వాళ్ళు చెప్పుకునే రోజు వస్తే వింటాం. అంతవరకు పుల్పిట్ చేయాల్సింది ఒక్కటే: 'మనం' అన్న ప్రతిసారీ ఆ 'మనం'లో ఎవరెవరున్నారో చూసుకోవడం.

పని చేసిన మార్పు: మంగళవారం

ప్రసంగం రాయకముందే వినేవాళ్ళు వాక్యభాగం దగ్గరికి రావాలి అన్నది ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చిన నిర్ణయం. ఆదివారం తర్జుమాలో ఎంత శ్రమపడినా, శనివారం రాత్రి ఒక్కడే కూర్చుని రాసుకున్న ప్రసంగంలో లేని మనుషులను తర్జుమా తెచ్చిపెట్టలేదు.

పద్ధతి ఇది. మంగళవారం రాత్రి 8:30కి, షిఫ్టు దిగి స్నానాలయ్యాక, సైటుకు దగ్గరగా ఉన్న ఒక ఇంట్లో ఏడుగురు కూడతారు. ఇద్దరు ఒడియా (ఒకరు తప్పనిసరిగా స్త్రీ), ఇద్దరు ఈశాన్యంవాళ్ళు, ఇద్దరు తెలుగు (ఒకరు కోస్తా, ఒకరు మెదక్ వైపు), ఒక మలయాళీ లేదా తమిళ సభ్యురాలు. రెండు నెలలకు ఒకసారి మనుషులు మారతారు. వాక్యభాగాన్ని మూడు భాషల్లో బిగ్గరగా చదువుతారు. చదవడం రానివాళ్ళ కోసం ఫోన్లో ఆడియో బైబిలు. తరవాత మూడు ప్రశ్నలు: ఇలాంటిది మీ ఊళ్ళో జరిగితే ఎలా జరుగుతుంది? ఈ కథలో నువ్వెవరు? ఇందులో నీకు భయం కలిగించేది, సిగ్గనిపించేది ఏమిటి?

మొదటి అరగంట పాస్టర్ గారు మాట్లాడకూడదు. ఇది కఠినమైన నియమం, కానీ లేకపోతే మొత్తం కూడిక వ్యర్థం. అయ్యగారు నోరు విప్పగానే మిగతావాళ్ళు నేర్చుకునేవాళ్ళుగా మారిపోతారు. ఆయన రాసుకోవాలి. చివర్లో గ్రీకు పదమో, నేపథ్యమో అవసరమైతే పది నిమిషాలు చెప్పవచ్చు. అన్నట్టు, చదువుకున్న సభ్యుడు ఒకరు ప్రతిసారీ వ్యాఖ్యాన గ్రంథం తెరుస్తుంటాడు. అతన్ని మెల్లగా ఆపడం కూడా నడిపించేవాడి పనే.

మత్తయి 20ని మళ్ళీ తీసుకున్న మంగళవారం ఈ పద్ధతి ఎంత లోతుకు తీసుకువెళ్ళగలదో చూపించింది. ఐదింటి దాకా నిలబడ్డవాళ్ళు ఎవరు అన్న ప్రశ్నకు ఒడియా మేస్త్రీ తడుముకోకుండా చెప్పాడు: ముసలివాళ్ళు, వేలు తెగినవాళ్ళు, కొత్తగా వచ్చి ఎవరికీ తెలియనివాళ్ళు. కాంట్రాక్టరు ముందు కండ ఉన్నవాణ్ణి ఎక్కించుకుంటాడు. ఎండ ఎక్కేకొద్దీ మిగిలేవాళ్ళు సోమరులు కారు, ఎవరికీ అక్కర్లేనివాళ్ళు. ఉపమానంలో వాళ్ళ జవాబూ అదే: మమ్మల్ని ఎవరూ కూలికి పెట్టుకోలేదు. ఐదింటికి కూడా ఇళ్ళకు పోలేదంటే వాళ్ళు ఎంత ఆశతో, ఎంత అవసరంతో నిలబడ్డారో ఆలోచించమన్నాడు.

దేనారం గురించి మాట్లాడింది ఒడియా సోదరి. అది ఒక రోజు కూలి అని చెప్పగానే, "అంటే ఒక రోజు బియ్యం. గంట పనికి గంట కూలి ఇస్తే ఆ రాత్రి పిల్లలు ఏం తింటారు?" అంది. కూలి ఇచ్చిన వరుసను పట్టుకున్నది మరో యువకుడు. ముందు వచ్చినవాళ్ళకు ముందే ఇచ్చి పంపేస్తే గొడవే లేదు. యజమాని కావాలనే చివరివాళ్ళతో మొదలుపెట్టాడు, అందరూ చూడాలని. పదవీ విరమణ చేసిన ఒక తెలుగు పెద్దాయన అప్పటిదాకా ఊరుకుని, "నాకైతే సణిగినవాళ్ళే న్యాయంగా కనిపిస్తున్నారయ్యా. ముప్ఫై ఐదేళ్ళ సర్వీసు చేసినవాణ్ణి" అన్నారు. ఆ మాట ప్రసంగానికి వెన్నెముక అయింది.

ఇక్కడ పాస్టర్ గారి వివేచన చెప్పుకోవాలి. కూలీలు చెప్పిన అర్థం ఎంత బలంగా ఉన్నా, ఉపమానాన్ని కూలి రేట్ల ప్రసంగంగా మార్చే ప్రమాదం ఉంది. దాని ముందున్నది మత్తయి 19:27లో పేతురు ప్రశ్న: మేం సమస్తం విడిచి వచ్చాం గదా, మాకేం దొరుకుతుంది? ముందు వచ్చినవాడి లెక్కకు యేసు ఇచ్చిన జవాబు ఈ కథ. కాబట్టి చివరివాళ్ళ ఆకలి, మొదటివాళ్ళ సణుగుడు రెండూ ప్రసంగంలో ఉండాలి. ఈ సంఘంలో మొదట వచ్చినవాళ్ళు గుడి కట్టిన తెలుగు కుటుంబాలు. చివర వచ్చినవాళ్ళు వెనక వరుసవాళ్ళు. ఆ సంగతి వేలెత్తి చూపకుండానే అందరికీ తెలిసింది.

అదే ప్రసంగంలో మెదక్ చర్చి ప్రస్తావన ఒకటే ఒక ఉదాహరణగా వచ్చింది. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన ఆ పెద్ద గుడిని కరవు రోజుల్లో కూలీలకు పని, తిండి దొరికేలా కట్టించారని మెదక్ కుటుంబాలు తరతరాలుగా చెప్పుకుంటాయి. అంటే నేటి తెలుగు క్రైస్తవుల పూర్వీకులు చాలామంది సుత్తి, గంప పట్టినవాళ్ళే. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర ఒక్కరోజే బాప్తిస్మం తీసుకున్న 2,222 మందిదీ కరవు నేపథ్యమే. ఈ జ్ఞాపకం కోస్తావాళ్ళను, మెదక్‌వాళ్ళను, ఒడియా కూలీలను ఒకే వరుసలో నిలబెట్టింది. ఫోన్లో వెతికి తెచ్చిన ఉదాహరణలు చేయలేనిది సంఘం సొంత చరిత్ర చేసింది.

రాత, తర్జుమా, యంత్రాలు

ప్రసంగం నిడివి 25 నిమిషాలకు తగ్గింది. మూడు పాయింట్ల స్థానంలో ఒకే వాక్యం. మత్తయి 20 రోజున అది: "మనకు రావాల్సింది కాదు, మనకు కావాల్సింది ఇచ్చే దేవుడు ఆయన." ఆ వాక్యాన్ని శుక్రవారానికల్లా ఒడియాలో, ఇంగ్లీషులో, మిజోలో ఆయా భాషలవాళ్ళతోనే రాయించి, ప్రసంగం మొదట్లో, చివర్లో వాళ్ళతోనే చదివించారు. ఒక్కొక్కరికి పది సెకన్లు కూడా పట్టదు.

రాతలో మరికొన్ని నియమాలు పెట్టుకున్నారు. రాసే ఒక్కో వాక్యం పది పన్నెండు పదాలు దాటకూడదు. సామెత వాడితే దాని అర్థం వెంటనే మామూలు మాటల్లో చెప్పాలి, రెండో సామెత వద్దు. డైలాగులు పూర్తిగా మానేశారు. యాసల మీద హాస్యం కూడా. కోస్తా ప్రసంగికులు తెలంగాణ మాటను నవ్వు కోసం అనుకరించడం మనకు అలవాటైపోయింది, వినేవాళ్ళకు అది ఎలా తగులుతుందో తిరిగి చెప్పించినప్పుడు బయటపడింది. బొట్టు, గాజులు, నగలు, ముసుగు విషయాల్లో లేఖనం ఎక్కడ ఆగుతుందో, సంఘాచారం ఎక్కడ మొదలవుతుందో విడదీసి చెప్పాలి. కేరళ పెంతెకొస్తు కుటుంబం నగలు పెట్టుకోదు. అదే బెంచీలో కూర్చున్న సి.ఎస్.ఐ. కుటుంబం మెళ్ళో తాళి ఉంటుంది. ఇద్దరూ విశ్వాసులే.

ఇంకో సంగతి. తెలుగు ప్రసంగాల్లో చుట్టూ ఉన్నది అన్యజనులు, మనం కొద్దిమందిమి అనే ఊహ అడుగున ఉంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మిజోరంలో, నాగాలాండ్‌లో సుమారు 87-88 శాతం క్రైస్తవులే. అక్కడ పెరిగిన పిల్లలకు ఊరంటేనే సంఘం. వాళ్ళ శోధన విగ్రహాల దగ్గర లేదు. ఊరి కట్టుబాటు కనిపించని నగరంలో ఒంటరితనం దగ్గర ఉంది. అన్వయం వాళ్ళకు తగలాలంటే ఇది తెలిసుండాలి. అల్లర్లు చెలరేగిన మణిపూర్ కోసం ప్రార్థించే ముందు ఆ పిల్లలనే అడిగి, ఏ మాటలు వాడాలో తెలుసుకోవడం కూడా అలవాటు చేసుకున్నారు.

తర్జుమాను రెండు రకాలుగా విడదీశారు. ఇంగ్లీషు మూడు చోట్ల మాత్రమే: వాక్యపఠనం తరవాత, కథ ముగిశాక, అన్వయం దగ్గర. ప్రసంగికుడు ఆగుతాడు, తర్జుమా చేసే సోదరి అప్పటిదాకా చెప్పినదాన్ని రెండు నిమిషాల్లో చెబుతుంది. వాక్యానికి వాక్యం కంటే ఇది మేలు, ఆమె వాక్యాలను కాక ఆలోచనను మోస్తుంది కాబట్టి. ఇందుకు పూర్తి రాతప్రతి గురువారం రాత్రికే చేతికి అందాలి. శనివారం అందితే ఉపయోగం లేదు.

ఒడియాకు చెవిలో వినే పరికరాలు: ఒక ట్రాన్స్‌మిటర్, 30 రిసీవర్లు, ఒక్క చెవికి పెట్టుకునే ఇయర్‌ఫోన్లు. మొదట తర్జుమా చేసే అన్న వెనక వరుసలో గుసగుసగా చెప్పేవాడు. ముందువాళ్ళకు విసుగు, ఆయనకు గొంతు నొప్పి. క్వయర్ గదికి మార్చి, మిక్సర్ నుంచి విడిగా ఒక లైను లాగి ఆయన హెడ్‌ఫోన్‌కు ఇచ్చారు. గాజు కిటికీలోంచి ప్రసంగికుడి ముఖం కనిపించాలి, చేతి సైగ చూడకపోతే మాటలో సగం పోతుంది. ఒకే మనిషి పదిహేను ఇరవై నిమిషాలు దాటి ఏకధాటిగా చెబితే ముందు జారిపోయేవి అంకెలు, పేర్లు, 'కాదు' అనే మాటలు. అందుకని ఇద్దరు, పన్నెండు నిమిషాలకు ఒకసారి మారతారు. రిసీవర్లు శనివారం రాత్రి చార్జింగ్ పెట్టే బాధ్యత యూత్‌లో ఒకరికి పేరు పెట్టి అప్పగించారు.

పరికరం పెట్టుకున్నవాళ్ళు బయటివాళ్ళు అన్న ముద్ర పడకుండా నెలకొక ఆదివారం ఒడియా లే ప్రీచర్ (పాస్టర్ కాని ప్రసంగికుడు) ఒడియాలోనే వాక్యం చెబుతాడు. ఆ రోజు తెలుగు తర్జుమా వేదిక మీద. ఎదురుచూసే వంతు తెలుగువాళ్ళది. మొదటిసారి కొందరు పెద్దలు ఇబ్బందిగా కదిలారు. ఆరాధన అయ్యాక వాళ్ళలోనే ఒకరు "వాళ్ళు ఇన్నాళ్ళూ ఇలాగే కూర్చున్నారా?" అని అడిగారు.

మంగళవారం చెప్పిన మాట, ఆదివారం పుల్పిట్

ఒక కూడికలో కూలి బాకీ విషయం వచ్చింది. డబ్బు సర్దార్ (కూలీల ముఠా పెద్ద) దగ్గర ఆగిందో, పైన సబ్ కాంట్రాక్టరు దగ్గర ఆగిందో కూలీలకు తెలియదు. ఆ సబ్ కాంట్రాక్టరు ఇదే సంఘ సభ్యుడు. ఆ వారమే, కూలి బిగపట్టినవాళ్ళను గద్దించే యాకోబు 5:4 మీద చెబితే ఉరుములాంటి ప్రసంగం అయ్యేది. చెప్పినవాళ్ళు ఎవరో అతనికి అరగంటలో తెలిసిపోయేది, వాళ్ళ పని పోయేది. మౌనంగా ఉంటే పాస్టర్ గారు అన్యాయంలో భాగస్థుడవుతారు.

ముందు కూలీల అనుమతి అడిగారు. పేర్లు రాకూడదన్నారు. తరవాత సంఘంలో పని ఇచ్చే స్థానంలో ఉన్న అందరినీ, ఇంట్లో పనిమనిషిని పెట్టుకున్న కుటుంబాలతో సహా, ఒకచోట కూర్చోబెట్టి ద్వితీయోపదేశకాండము 24:14, 15 చదివారు. కూలివాడి కూలి సూర్యుడు అస్తమించకముందే ఇవ్వాలి, అతడు బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకున్నాడు అనే భాగం. ఒక్కరిని వేరు చేయకుండా అందరి లెక్కలూ అడిగారు. అదే భాగం మీద బహిరంగ ప్రసంగం నెల దాటాకే వచ్చింది. బాకీ ఎలా తేలిందన్నది గోప్యత కోసం ఇక్కడ రాయడం లేదు.

అప్పటి నుంచి ఒక నియమం నిలిచింది. మంగళవారం విన్న ఏ సంఘటనా కథగా పుల్పిట్ ఎక్కదు. దానివల్ల వాక్యభాగం మీద కలిగిన వెలుగు మాత్రం ఎక్కుతుంది. ఈ నియమం లేని చోట మంగళవారం కూడిక రెండు నెలలు కూడా నిలవదు.

ఇంకా తేలనివి

ఏడాది దగ్గరపడేసరికి తిరిగి చెప్పించినప్పుడు అన్ని వర్గాలూ ప్రధాన వాక్యాన్ని దగ్గరగా చెప్పగలుగుతున్నాయి. "ఎవరి గురించి?" అన్నదానికి "నా గురించి" అన్న జవాబు ఒడియా సభ్యుల దగ్గర వినిపిస్తోంది. గేటు దగ్గర నిలబడేవాళ్ళు తగ్గారు. ఈశాన్య యువతలో వెళ్ళిపోయినవాళ్ళు ఎక్కువమంది తిరిగి రాలేదు. వాళ్ళకు షిఫ్టు వేళలకు సరిపోయే సాయంత్రం ఆరాధన అక్కడ దొరికింది, ప్రసంగం ఎంత మారినా అది తీర్చలేని అవసరం.

కంధమాల్ నుంచి వచ్చిన పెద్ద వయసు స్త్రీలలో కొందరికి ఇంటి భాష కుయి, గజపతి వైపు కొందరికి సవర. బడికి వెళ్ళనివాళ్ళకు ప్రసంగపు ఒడియా సగమే అందుతుంది. కుయి ద్రావిడ భాష, సవర ముండా భాష. 'ఒడియావాళ్ళు' అని మనం ఒక ముద్దగా చూసిన వరుసలో మూడు భాషలున్నాయి. ప్రస్తుతానికి ఆరాధన తరవాత కుయి తెలిసిన సోదరి ఒకరు పది నిమిషాలు గుండ్రంగా కూర్చోబెట్టి తిరిగి చెబుతోంది. సవరకు ఎవరూ దొరకలేదు.

తెలుగువాళ్ళ లోపలి గీత అలాగే ఉంది. ఏ మిషను వైపు నుంచి వచ్చారన్నదాని వెనక ఏ కులం నుంచి వచ్చారన్నది ఉందని అందరికీ తెలుసు, పెళ్ళి సంబంధాల దగ్గర మాత్రమే బయటికొస్తుంది. ఒడియా కూలీకి చోటిచ్చినంత తేలిగ్గా ఈ గీత దాటడం లేదు. 1 కొరింథీయులు 11లో ప్రభు భోజనపు బల్ల దగ్గరి విభేదాల భాగాన్ని మంగళవారం కూడికకు పెట్టాలని పాస్టర్ గారు నిర్ణయించారు. ఆ కూడికలో ఇద్దరు తెలుగువాళ్ళు చాలరు, నలుగురైనా ఉండాలని సూచించాం.

చివరిగా, పిల్లల విషయం. షెడ్లలో పెరిగి ఇక్కడి ప్రభుత్వ బడిలో చదివే పదేళ్ళ పిల్లలు తెలుగు, ఒడియా రెండూ గడగడా మాట్లాడతారు. తర్జుమా చేసే అన్న రాని రోజు పెద్దల చూపు వాళ్ళ మీద పడుతుంది. ప్రకటనలకు, పాటల పేజీ నంబరుకు ఫరవాలేదు. తాగుడు గురించో, వ్యభిచారం గురించో చెప్పే మాటను కన్నతండ్రికి ఆ పిల్లవాడి నోటితో చెప్పించకూడదు. అలాంటి రోజు కోసం రాతప్రతిని ఒడియాలో ముందే చదివి రికార్డు చేయించి, ప్రసంగం జరుగుతుండగా అదే రిసీవర్లలో వినిపించే ఏర్పాటు చేశారు. ముఖాన్ని చూస్తూ వినే తర్జుమాకు అది సాటి రాదు కానీ, ఆ ఆదివారం గడుస్తుంది.